ఐదు కాళ్ల జింక

సెప్టెంబరు 27

అమ్మ కంటికట్టు విప్పారు. మొదట కళ్ల డాక్టరు చొక్కా గుండీలు లెక్కపెట్టింది. ఆరు. "అందులో ఒకటి వేరే రంగుది కుట్టించావేంటి నాయనా" అంది. ఆయన కోటు సర్దుకుని గుండీ దాచుకున్నాడు. నేను పనిచేసే ఆసుపత్రే కాబట్టి సరిపోయింది, బయట అయితే తిట్టి పంపేవాళ్లు.

ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. ఎదురుగా బొమ్మల గోడ. చాలాసేపు చూసింది.

"ఇదెవరు వేశారే?"

"నువ్వేనమ్మా. పోయినేడు."

"నేనా?"

మళ్లీ చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి పడుకుంది. కొత్త కళ్లు వచ్చిన మొదటి రోజంతా తలుపునే చూసింది. ప్రయాణానికి అలిసిపోయి ఉంటుంది.

సాయంత్రం అడిగింది, మట్టి ఎప్పుడు మెత్తుతావు అని. వానలు వెనకబట్టనీ అన్నాను.

సెప్టెంబరు 28

వాన. మంచిదే.

అక్టోబరు 1

మళ్లీ అడిగింది. గోడ ఇంకా చెమ్మగా ఉందన్నాను. లేదు.

ఏటా ఈపాటికి మట్టి తొక్కుతూ ఉండేదాన్ని. మా వాళ్లు కొండ దిగి ఈ వీధికి వచ్చినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక మట్టి గోడ ఉంచుకున్నారు, బొమ్మల కోసం. ఇప్పుడు అందరివీ సిమెంటు గోడలే. మాదొక్కటే మిగిలింది. వానలు పోయాక పాత బొమ్మల మీద ఎర్రమట్టి, పేడ, పొట్టు కలిపి మెత్తాలి. అది ఆరాక తెల్లమట్టితో, నమిలిన పుల్లతో కొత్త బొమ్మలు. మెత్తే చెయ్యి నాది, వేసే చెయ్యి అమ్మది. ముప్ఫై ఏళ్లుగా ఇంతే. పగలంతా ఆసుపత్రి చాకిరేవు గదిలో దుప్పట్లు మడతపెట్టే చేతులకి మెత్తడం పెద్ద కష్టమేమీ కాదు.

గుండె డాక్టరు వరండాలో నన్ను పక్కకి పిలిచి, మీ అమ్మగారు ఈ చలికాలం దాటితే అదృష్టమే అన్నాడు. అదే వరండాలో, నాలుగు కుర్చీల అవతల, కళ్ల డాక్టరు ఇక పదేళ్లు ఢోకా లేదన్నాడు. ఇద్దరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోరు కాబోలు.

గోడకి వేయించిన వార్నీషు సంగతి అమ్మకి ఇప్పుడే చెప్పక్కర్లేదు. వేసింది చెమ్మ కోసమే.

అక్టోబరు 4

కళ్లజోడాయన వచ్చాడు. మ్యూజియంలో పని. వేసవిలో నేనే ఉత్తరం రాశాను, మా అమ్మ వేసిన గోడ చూడమని. అయిదు నెలలు పలకనివాడు ఇప్పుడే ఊడిపడాలా!

గోడకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, "మేడం, ఈ మూడో జింక చూశారా? ఐదు కాళ్లు! కదలికని పట్టుకున్నారు. పరుగుని ఆపేశారు గోడ మీద" అన్నాడు. అమ్మ మంచం మీద నుంచే పలికింది.

"కదలికా లేదు, పాడూ లేదు నాయనా. నాలుగో కాలు వేశానో లేదో కనపడక ఇంకోటి వేశాను."

ఆయన పుస్తకం తీసి రాసుకున్నాడు. పక్కనుంచి తొంగి చూశాను. 'ఎంత వినయం' అని రాశాడు.

మెరుపు ఎలా వచ్చిందని అడిగాడు. వార్నీషని చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పాను. "మంచి పని చేశారు" అన్నాడు. ఇరవయ్యో తేదీన మనుషుల్ని తీసుకొస్తాడట. గోడని చట్రంతో సహా కోసి తీసుకెళతారట. ఆ జాగాలో ఇటుకలతో కొత్త గోడ వాళ్లే కట్టిస్తారట. అమ్మ పేరు కింద రాసి పెడతారట. వందేళ్లు ఉంటుందట.

సంతోషంగా ఉంది. ఉండాలి కదా.

అక్టోబరు 6

గోడకెదురుగా కూర్చుని అన్నం తినదట. మంచం తిప్పమంది. మా వడ్రంగిగారు (మా ఆయనకి ఈ పుస్తకంలో పేరు ఇదే) మంచం తిప్పారు. ఇప్పుడు అమ్మ తల గోడ వైపు, చూపు వాకిలి వైపు. అయినా మధ్యాహ్నం మెడ తిప్పి చూస్తూ దొరికింది.

"నలభై గోడలు వేశానే. కొన్ని బాగున్నాయి. అవన్నీ మట్టిలో కలిశాయి, నాకేం బెంగ లేదు. ఇదొక్కటే మిగులుతుందా? పదిమందీ దీన్ని చూసి, ఇదీ ఈవిడ చెయ్యి అనుకోవాలా?"

"ఆయన అంత మెచ్చుకున్నాడు కదమ్మా."

"ఆయనకి కళ్లజోడు ఉంది గానీ కళ్లు లేవు. నీకేమయింది? నువ్వు రోజూ చూస్తావుగా. ఆ చెట్టు చూడు, దాని కొమ్మలు చెట్టుకి అతుక్కోనే లేదు. ఆ నెమలి మెడ నెమలిది కాదు. పక్కనున్న కోడిది."

బాగానే ఉందన్నాను.

"నేను పోయేలోగా ఇది పోవాలి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఇలా మాట్లాడొద్దని కసిరాను. దగ్గు వచ్చింది. వీపు రాశాను. వీపు మీద ఎముకలన్నీ చేతికి తగిలాయి.

అక్టోబరు 7

చెట్టు కొమ్మలు అతుక్కోలేదు. నిజమే. పోయినేడే చూశాను.

అక్టోబరు 9

పనిలో ఒకే దుప్పటి మూడుసార్లు మడిచాను. సూపర్వైజరమ్మ "ఇంటి దగ్గర అంతా కులాసాయేనా" అంది. కులాసాయే అన్నాను. నడుం నొప్పి. మెట్లెక్కి వచ్చి కుర్చీ చూస్తే చాలు, ఏడుపొస్తుంది.

అక్టోబరు 11, ఆదివారం

ఈ రోజుది రాయకుండా ఉంటే బాగుండు.

వాన పోయి వారమైంది, ఇక సాకు దొరకలేదు. చాటుగా కొంచెం మట్టి కలిపి, పెట్టె వెనక మూలలో జానెడు మేర మెత్తి చూశాను. సాయంత్రానికి ఎండి, అంచులు లేచి, పెళ్లగా ఊడి కింద పడింది. వెనకాల వార్నీషు తళతళలాడుతోంది. మళ్లీ మెత్తాను. మళ్లీ ఊడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని.

చప్పుడు అమ్మకి వినపడింది. ఏంటదని అడిగింది.

"ఈసారి మట్టి మంచిది దొరకలేదమ్మా. ఇసక ఎక్కువగా ఉంది."

"ఏదీ, ఇటు తే."

ఇచ్చాను. వేళ్ల మధ్య నలిపింది. నాలుక కొసకి అద్దింది. ముప్ఫై ఏళ్లు నేను మెత్తిన మట్టిని ప్రతి ఏడూ అలాగే రుచి చూసింది, ఆ సంగతి మర్చిపోయాను.

"మట్టి బంగారంలా ఉందే. గోడకేం చేశావు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత చెప్పాను. వేసవిలో నువ్వు ఆయాసంతో మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్నీషు వేయించాను, రెండు పూతలు, కిటికీ తలుపులకి తెచ్చినదే. చెమ్మ కోసం.

అమ్మ మట్టిముద్దని నా అరచేతిలో పెట్టేసింది.

అక్టోబరు 12

మాట్లాడలేదు.

అక్టోబరు 13

మాట్లాడలేదు. పాలు తాగింది. అల్లుడితో మాత్రం ఉలి పదును గురించి పావుగంట మాట్లాడింది.

ఆయన నన్ను అడిగారు: "ఆ రోజు వేయించేటప్పుడు మీ అమ్మకి చెప్పావా అంటే చెప్పానన్నావుగా?"

అన్నాను.

అక్టోబరు 14

పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే పిలిచింది.

"ఎందుకు వేశావే అది?"

"చెమ్మకమ్మా."

"నా దగ్గర కూడా చెమ్మేనా?"

గడప మీదే కూర్చున్నాను. కాళ్లు లాగేస్తున్నాయి, అబద్ధాన్ని మోసే ఓపిక కూడా లేదు.

"నువ్వు పోతే ఇంకెవరు వేస్తారు? మెత్తేస్తే ఖాళీ గోడ మిగులుతుంది. దాన్ని చూస్తూ నేను బతకలేను."

"నువ్వు వెయ్యి."

"నాకు రాదు."

"రాదని ఎవరన్నారు?"

"నువ్వే. నాకు ఇరవై ఏళ్లప్పుడు ఆ మూల పక్షిని వేశాను. నువ్వు చూసి, కాలిచెప్పు బాగుంది అన్నావు. వీధంతా నవ్వారు."

అమ్మ నావైపే చూసింది. గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇరవై ఆరేళ్లుగా నేను మోస్తున్న మాట, అన్నవాళ్ల దగ్గరే లేదు.

"నవ్వులాటకి అని ఉంటానే."

"అనుంటావు."

"ఆ ఒక్క మాటకి మళ్లీ పుల్ల పట్టుకోలేదా?"

అమ్మ ఆయాసపడుతూ, ఆగి ఆగి చెప్పింది. నడుమ నీళ్లు తాగింది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"నేను వేసినవన్నీ బాగున్నాయనుకున్నావా? నీకు పదేళ్లప్పుడు వేసిన ఏనుగు పందిలా వచ్చింది. ఏడాది పొడుగునా మీ నాన్న దాన్ని పేరు పెట్టి పిలిచాడు. మెత్తేశాను, పోయింది. తప్పు పడితే పడుతుంది, వచ్చే ఏడు మెత్తేస్తాం. మట్టి గోడ ఉన్నది అందుకేగా. వెనకాల నువ్వు మెత్తుతున్నావన్న ధైర్యంతోనే ఇన్నేళ్లూ వేశానే పిచ్చిదానా. నువ్వు మెత్తడం మానేస్తే నా చెయ్యి ఎలా ఆడుతుంది?"

ఏడ్చాను. వంటింట్లోకి వెళ్లి కాదు, అక్కడే, అమ్మ ముందే. చిన్నప్పటి తర్వాత ఇదే.

అక్టోబరు 15

సెలవు అడిగాను. మూడు రోజులిచ్చారు.

అక్టోబరు 16

మా వడ్రంగిగారు ముందు గరుకు కాగితంతో రుద్దారు. మెరుపు పోయింది గానీ మట్టి పట్టలేదు. ఎక్కడి గొంగళి అక్కడే. మట్టి గోడ వార్నీషుని లోపలిదాకా తాగేసింది. ఇక పై పొర మొత్తం చెక్కెయ్యాల్సిందే అన్నారు.

"వేసిందీ నేనే, పీకేదీ నేనే. మీ ఇంటి అల్లుడిగా వచ్చినందుకు బాగానే ఉంది" అన్నారు. విసుగ్గా కాదు. అమ్మ నవ్వింది.

అక్టోబరు 17

పొద్దున్నించీ చెక్కుతున్నాం. ఆయన పైన, నేను కింద. మంచాన్ని మళ్లీ గోడ వైపు తిప్పమంది అమ్మ. దుమ్ము పడుతుందంటే, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. సినిమా చూసినట్టు చూసింది. "ఆ నెమలిని ముందు పీకండి, దాని మొహం చూడలేకపోతున్నాను" అంది.

పెళ్లలు బొటనవేలంత మందం ఉన్నాయి. అంచున చూస్తే ఎరుపు, సన్నటి తెలుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ తెలుపు. ఏడాదికొక గీత. ఎరుపంతా నేను, తెలుపు అమ్మ. పదిహేనుదాకా లెక్కపెట్టి మానేశాను. చెయ్యి లాగింది.

రాలిన మట్టి వృథా చెయ్యకూడదని బానలో నానేశాను, కొత్త మట్టిలో కలపడానికి. లోపలి పొరలన్నీ గంటలో కరిగాయి. వార్నీషు తాగిన పెళ్లలు మాత్రం కరగలేదు. బాన అడుగున అలాగే కూర్చున్నాయి, మధ్యలో ఒకదాని మీద ఐదో కాలు. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అమ్మ చూస్తోంది.

వీధి చివర కుప్పలో పారేసి వచ్చాను.

అక్టోబరు 18

మెత్తాను. మోచేతుల దాకా మట్టి. పట్టింది. గోడ మొత్తం పట్టింది. అమ్మకి ముద్ద రుచి చూపించాకే మొదలుపెట్టాను.

గది ఖాళీగా ఉంది. అనుకున్నంత భయంగా లేదు. కొంచెం భయంగానే ఉంది.

అక్టోబరు 20

కళ్లజోడాయనకి ఫోను చేయడం మర్చిపోయాను. లేదు, మర్చిపోలేదు. నోరు రాలేదు. నలుగురు మనుషులు, ఒక బండి, రంపాలు. లోపలికి వచ్చి తడిగోడ చూసి తలుపు ఫ్రేము పట్టుకున్నాడు.

"మేడం, బొమ్మలేవి?"

"మెత్తేశాం సార్."

"కిందుందా? మట్టి తీస్తే వస్తుందా?"

"లేదు సార్. చెక్కి పారేశాం."

ఆయన మొహం చూస్తే జాలేసింది. చెడ్డమనిషి కాదు. స్టూలు వేస్తే కూర్చున్నాడు. మంచినీళ్లు ఇచ్చాను. తాగి, "అంత గొప్పదాన్ని ఎలా పోగొట్టుకోబుద్ధయిందమ్మా?" అన్నాడు అమ్మతో.

"నలభై ఏళ్లుగా ఈ గోడ మీదే వేస్తున్నాను నాయనా. ఈ వీధిలోనే, ఈ తలుపు వెనకే. ఒక్క ఏడైనా రాలేదేం? కళ్లు పోయాక వేసినదానికే వచ్చావు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పుస్తకంలో ఏమీ రాసుకోలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, ఇంతకు ముందువి ఎలా ఉండేవని నన్నడిగాడు. బాగుండేవి అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏముంది?

అక్టోబరు 23

గోడ ఆరింది. తెల్లమట్టి కలిపాను. పుల్ల నమిలాను. ముప్ఫై ఏళ్లు పుల్లలు నమిలి అమ్మకిచ్చినదాన్నే, ఇవాళ నోరంతా చేదు.

పైనుంచి మొదలుపెట్టాలా, మధ్యలోనా అంటే, "చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ" అంది. మధ్యలో జింక మొదలుపెట్టాను. వీపు గీత బాగానే వచ్చింది. తల దగ్గర గీత వంకర పోయింది. నాలుగు కాళ్లు వేశాను, నాలుగూ వేరే వేరే జంతువులవి. వెనక్కి జరిగి చూశాను. అమ్మ కూడా చూసింది. కొత్త కళ్లతో, తల అటూ ఇటూ తిప్పి.

"కుక్క బాగుంది" అంది.

ఇద్దరం నవ్వాం. దగ్గు వచ్చేదాకా నవ్వింది. దగ్గు తగ్గాక నన్ను లేపమంది. చంకల కింద చేతులేసి గోడ దాకా తీసుకెళ్లాను. మనిషిలో బరువే లేదు, ఒక దుప్పటి ఇంతకంటే బరువుంటుంది. తెల్లమట్టిలో చూపుడువేలు ముంచి, నా జింక పొట్ట కింద, ఉన్న నాలుగింటి మధ్యలో, ఇంకో కాలు గీసింది. నిటారుగా, ఒక్క గీత. వణకలేదు.

"కదలిక" అంది.

అక్టోబరు 24

చెట్టు వేశాను. కొమ్మలు చెట్టుకి అతికే ఉన్నాయి. "పర్లేదు" అంది.

అక్టోబరు 26

కోడి. ఏమీ అనలేదు. నిద్రపోతోంది.

నవంబరు 3

అమ్మ పోయి అయిదు రోజులు. సాయంత్రం వెలుతురులో, గోడ వైపు తిరిగే పోయింది. నేను పనిలో ఉన్నాను. ఆయన పక్కనే ఉన్నారు.

నవంబరు 4

పనికి వెళ్లాను.

నవంబరు 19

పని. ఇల్లు. అమ్మ మంచం తీసేద్దామా అని ఆయన అడిగారు. ఉండనివ్వమన్నాను.

అక్టోబరు 16

దాదాపు ఏడాది తర్వాత ఈ పుస్తకం తెరిచాను. రాయడానికేమీ లేక కాదు. ఓపిక లేక.

వానలు వెనకబట్టి పది రోజులైంది. నాలుగు రోజులుగా గోడ చెమ్మగా ఉందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నిన్న చెయ్యి ఆనించి చూశాను. ఎముకలా ఎండిపోయి ఉంది.

పొద్దున మా వడ్రంగిగారు ఏమీ అనకుండా వార్నీషు డబ్బా తెచ్చి గోడ పక్కన పెట్టి, బ్రష్షు దాని మీద పెట్టి, పనికి వెళ్లిపోయారు. నీ ఇష్టం అని దానర్థం. ఆయన నన్ను తప్పు పట్టరు. ఎవరూ పట్టరు. అమ్మ వేలితో గీసిన గీత ఈ లోకంలో అదొక్కటే మిగిలింది.

డబ్బా మూత తీశాను. వాసన చూశాను. మూత పెట్టేశాను.

బానలో మట్టి తొక్కాను. ముద్ద తీసి నాలుకకి అద్దుకున్నాను. ఎలా ఉంటే బాగున్నట్టో నాకు తెలియదు, అడగలేదెప్పుడూ. మట్టిలాగే ఉంది.

పైనుంచి మెత్తుకుంటూ వచ్చాను. కోడి పోయింది, చెట్టు పోయింది. జింక తల, వీపు, నాలుగు కాళ్లు పోయాయి. కింది వరసకి వంగితే నడుం పట్టేసింది. వార్నీషు డబ్బా చూస్తే సరిగ్గా పీటంత ఎత్తుంది. లాక్కుని దాని మీద కూర్చున్నాను.

ఐదో కాలు దగ్గర చెయ్యి ఆగింది. చాలాసేపు ఆగింది. గిన్నెలో మట్టి పైన ఆరడం మొదలైంది, నీళ్లు చిలకరించాల్సి వచ్చింది. అమ్మ ఉంటే ఏమనేదో తెలుసు. తెలిసినా తేలిక కాలేదు. వేలితో ఆ గీత మీద, పైనుంచి కిందికి, ఒకసారి రాశాను. తర్వాత మెత్తేశాను.

డబ్బా మీదే కూర్చుని ఏడ్చాను. ఆయన వచ్చి గోడ చూసి, నన్ను చూసి, చేతులు కడుక్కోమని నీళ్లు తెచ్చారు.

అక్టోబరు 19

గోడ ఆరింది. పుల్ల నమిలాను. పోయినేడు కుక్క వచ్చింది, ఈసారి మేకైనా రావాలి.